మిస్సింగ్ ఏ సిలిండర్‌లో?

జనగామ నుంచి హైదరాబాద్ వైపు 163వ నంబర్ జాతీయ రహదారి మీద సాఫీగా పోతున్న కారు ఉన్నట్టుండి బరువెక్కుతుంది. ఎక్సలేటర్ తొక్కినా వేగం అందుకోదు. ముందున్న లారీని దాటబోతే కుదుపులు మొదలవుతాయి. ఎక్కడైనా ఆగితే సీటు, స్టీరింగ్, గేర్ రాడ్డు కలిసి వణుకుతాయి. మీటర్ల పక్కన ఇంజన్ బొమ్మ ఉన్న పసుపు దీపం వెలుగుతుంది. షెడ్డుకు తీసుకెళ్తే మెకానిక్ బోనెట్ ఎత్తకముందే శబ్దం విని చెప్పేస్తాడు: "ఇంజన్ మిస్సింగ్ కొడుతున్నదన్నా."

ఆ మాట నిజమే. ఆ తర్వాత జరిగేదే చాలాసార్లు బాధ పెడుతుంది. ముందు ప్లగ్గులన్నీ మారుస్తారు. తగ్గదు. కాయిళ్లు మారుస్తారు. తగ్గినట్టే ఉండి రెండు రోజులకు మళ్లీ మొదలవుతుంది. ఇంజెక్టర్ల క్లీనింగ్ అంటారు, పెట్రోల్ పంపు అంటారు, చివరికి ఇంజన్ దింపాలంటారు. ఇన్ని మార్చినా, అసలు ఏ సిలిండర్ పని చేయడం లేదో ఎవరూ పట్టి చూసి ఉండరు. భూపాలపల్లి నుంచి హనుమకొండలోని పెద్ద సర్వీస్ సెంటర్‌కు రావాలంటే అరవై కిలోమీటర్లకు పైనే. మహబూబాబాద్ వాళ్లదీ ఇంచుమించు అదే దూరం. రెండుసార్లు తిరిగితే ఒక రోజు పని, పెట్రోలు ఖర్చు, పైన సామాన్ల బిల్లు. ఇంత ఖర్చుకు ముందే ఇంటి వాకిట్లో, వెయ్యి, రెండు వేల రూపాయల సామానుతో, జబ్బు ఏ సిలిండర్‌లో ఉందో, ఎందుకుందో చాలావరకు తేల్చుకోవచ్చు. తేలిన తర్వాతే ఏదైనా కొనాలి.

నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్, కారు నిలబడి ఉన్నప్పుడు, నిమిషానికి సుమారు 800 చుట్లు తిరుగుతుంది. ప్రతి రెండు చుట్లకు ఒకసారి ఒక్కో సిలిండర్‌లో పెట్రోలు మండుతుంది. గాలిని పీల్చడం, నొక్కడం, మండించడం, పొగను బయటికి తోసెయ్యడం అనే ఈ పద్ధతిలో నడిచే ఇంజన్‌ను జర్మనీలో నికొలాస్ ఆటో 1876లో తయారుచేశాడు. మన కార్లు ఇప్పటికీ ఆ దారిలోనే ఉన్నాయి. నిలబడి ఉన్నప్పుడు ఒక్కో సిలిండర్ నిమిషానికి 400 సార్లు మండాలి. హైవే మీద 3000 చుట్ల దగ్గరయితే సెకనుకు 25 సార్లు. చాలా నాలుగు సిలిండర్ల ఇంజన్లలో మంట 1, 3, 4, 2 వరుసలో నడుస్తుంది. నలుగురు మోసే పల్లకీలో ఒకరు భుజం తప్పిస్తే మిగతా ముగ్గురి నడక ఎలా తడబడుతుందో, ఒక సిలిండర్ మండకపోతే ఇంజన్ నడకా అంతే. మన ఊళ్లలో ఎక్కువగా కనిపించే ఆల్టో లాంటి మూడు సిలిండర్ల కారులో ఒకటి పోతే వణుకు ఇంకా ఎక్కువ, ఎందుకంటే మూడో వంతు బలం అక్కడే పోయింది.

సిలిండర్ మండాలంటే మూడు కావాలి: సరైన సమయానికి గట్టి స్పార్క్, సరిపడా పెట్రోలూ గాలీ, వాటిని గట్టిగా నొక్కే కంప్రెషన్. ఏ మిస్సింగ్ అయినా ఈ మూడింటిలో ఏదో ఒకటి తగ్గడం వల్లే వస్తుంది.

ఏ సిలిండర్ అన్నది తేల్చడానికి ఇప్పుడు సులువైన దారి స్కానర్. పదేళ్లలోపు పెట్రోల్ కార్లలో స్టీరింగ్ కింద, మోకాళ్లకు దగ్గరగా, పదహారు పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. దాన్నే ఓబీడీ సాకెట్ అంటారు. అందులో పెట్టే చిన్న బ్లూటూత్ అడాప్టర్ వెయ్యి రూపాయలకు అటూఇటూగా దొరుకుతుంది. ఫోన్‌లో యాప్ తెరిస్తే ఇంజన్ కంప్యూటర్ రాసిపెట్టుకున్న కోడ్ కనిపిస్తుంది. పీ 0301 అంటే ఒకటో సిలిండర్‌లో మిస్సింగ్. పీ 0302 అంటే రెండు, పీ 0303 అంటే మూడు. పీ 0300 వస్తే మాత్రం ఒక చోటని కాదు, మార్చి మార్చి చాలా చోట్ల మిస్ అవుతోందని అర్థం. అప్పుడు ఒక్కో కాయిల్ వెంట పడటం దండగ. అందరికీ కలిపి వచ్చే వాటిని చూడాలి: పెట్రోల్ ప్రెషర్, గాలి లీకు, ట్యాంకులో నీళ్లు. ఒకటో సిలిండర్ సాధారణంగా బెల్టు లేదా చెయిన్ ఉన్న వైపు నుంచి మొదలవుతుంది. అయినా ఆ కారు మాన్యువల్‌లో చూసుకోవడం మేలు.

కోడ్ చూసి అదే సిలిండర్ కాయిల్ కొనేయడం తొందరపాటు. ఆ అంకె సిలిండర్‌నే చూపిస్తుంది, కారణాన్ని చూపించదు.

స్కానర్ లేనివాళ్లకు పాత పద్ధతి ఉంది. ఇంజన్ నడుస్తుండగా ఒక్కో ఇంజెక్టర్ కనెక్టర్‌ను తీసి మళ్లీ పెడతారు. బాగున్న సిలిండర్‌ది తీస్తే ఇంజన్ ఇంకా కుంటుతుంది. చచ్చిన సిలిండర్‌ది తీస్తే ఏ మార్పూ రాదు. జబ్బు అక్కడే. పూర్వం మెకానిక్‌లు దీన్ని ప్లగ్ వైరు లాగి చూసేవాళ్లు. ఇప్పటి కార్లలో అది చేయకూడదు. బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులను కాయిల్ ఇరవై, ముప్పై వేల వోల్టుల దాకా పెంచుతుంది. ఆ షాక్ మనిషికి ప్రమాదం, ఇంజన్ కంప్యూటర్‌కూ నష్టమే. పైగా స్పార్క్ ఆపి పెట్రోలు మాత్రం పోనిస్తే, మండని పెట్రోలు నేరుగా సైలెన్సర్‌లోని కాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. అందుకే పసుపు దీపం వెలిగి ఉండటం వేరు, టపటపా కొట్టుకుంటూ వెలగడం వేరు. కొట్టుకుంటుంటే కారు నడపడం ఆపేయాలి. కన్వర్టర్ లోపలి పింగాణీ జల్లెడ కరిగిపోయేంత వేడి పుడుతుంది. జనగామ చుట్టుపక్కల కోతల కాలంలో రోడ్ల మీదే వరిగడ్డి, మక్క కంకులు పరుస్తారు. మిస్సింగ్ కొడుతున్న కారును ఎండు గడ్డి మీద ఆపడమంటే నిప్పును పిలవడమే.

సిలిండర్ తెలిసిందా, ఇప్పుడు అన్నిటికన్నా చవకైన పరీక్ష. పైసా ఖర్చు లేదు. మూడో సిలిండర్‌లో మిస్సింగ్ ఉందనుకుంటే, ఇంజన్ ఆపి, మూడో కాయిల్‌ను తీసి రెండులో, రెండోదాన్ని మూడులో బిగించాలి. యాప్‌లో పాత కోడ్ చెరిపేసి కారును కాస్త నడపాలి. కోడ్ రెండో సిలిండర్‌కు మారితే తప్పు కాయిల్‌దే. ఒక్క కాయిల్ కొంటే చాలు. మారకుండా మూడు దగ్గరే ఉంటే కాయిల్ బాగానే ఉంది. అప్పుడు ప్లగ్గును అలాగే అటుదిటు, ఇటుదటు మార్చి చూడాలి. ఈ ఒక్క అలవాటు ఉంటే నాలుగు కాయిళ్లూ మార్చి పారేసే పని ఉండదు. కొన్ని కార్లలో రెండు సిలిండర్లకు కలిపి ఒకే కాయిల్ ఉంటుంది. వాటిలో 1, 4 కలిసి చచ్చిపోతే ముందు కాయిల్‌నే అనుమానించాలి. 1983 డిసెంబర్‌లో రోడ్డెక్కిన మారుతీ 800 లాంటి పాత కార్లలో కాయిల్ ఒక్కటే. డిస్ట్రిబ్యూటర్ ఆ కరెంటును వంతుల వారీగా మూడు సిలిండర్లకు పంచుతుంది. వాటిలో డిస్ట్రిబ్యూటర్ మూతలో పగుళ్లు, రోటార్ అరుగుదల చూడాలి. రాత్రి చీకట్లో బోనెట్ తెరిచి, ఇంజన్ నడుస్తుండగా దూరంగా నిలబడి చూస్తే, కరెంటు లీకయ్యే వైరు మీద నీలి మెరుపులు కనిపిస్తాయి.

ఒక చిక్కు చాలామందిని ముప్పుతిప్పలు పెడుతుంది. హైవే మీద లారీని దాటేటప్పుడు కుదిపిన కారు షెడ్డులో నిలబెడితే బుద్ధిగా నడుస్తుంది. మెకానిక్ రెండుసార్లు రేస్ ఇచ్చి "ఏం లేదు, మంచిగనే ఉంది" అంటాడు. కారణం ఇది. ఎక్సలేటర్ బాగా తొక్కినప్పుడు సిలిండర్‌లోకి ఎక్కువ గాలి చేరి ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ ప్లగ్గు మొనల మధ్య స్పార్క్ దూకడానికి ఎక్కువ వోల్టులు కావాలి. నీరసపడ్డ కాయిల్, గ్యాప్ పెరిగిన ప్లగ్గు అక్కడే చేతులెత్తేస్తాయి. కాబట్టి బరువు మీద మాత్రమే మిస్ అయితే అనుమానం ముందు స్పార్క్ మీదికి పోవాలి. ఇందుకు విరుద్ధంగా, నిలబడి ఉన్నప్పుడు మాత్రమే వణికి, వేగంలో సర్దుకుంటే గాలి లీకో, వాల్వో కారణం కావచ్చు. గ్యాస్ కిట్టు పెట్టించిన కార్లలో పెట్రోలు కన్నా గ్యాస్‌ను మండించడానికి ఎక్కువ వోల్టులు కావాలి. వాటిలో ప్లగ్గుల లోపం తొందరగా బయటపడుతుంది.

ప్లగ్గు తీయడం పెద్ద విద్యేం కాదు గానీ నిదానం కావాలి. ఇంజన్ చల్లారాలి. హెడ్ అల్యూమినియంది, వేడి మీద తిప్పితే మరలు ఊడొస్తాయి. ప్లగ్గు గుంతలో ముందు గాలి కొట్టాలి, లేకపోతే చుట్టూ చేరిన ఇసుక సిలిండర్‌లో పడుతుంది. కాయిల్ లేపినప్పుడే రబ్బరు గొట్టం కొసను చూడాలి. జిడ్డుగా, ఉబ్బినట్టు ఉంటే పైనున్న వాల్వ్ కవర్ గాస్కెట్ నుంచి ఆయిల్ దిగి గుంతలో నిలిచిందన్న మాట. ప్లగ్గు తెల్ల పింగాణీ మీద పొడవునా సన్నని నల్ల గీత కనిపిస్తే కరెంటు మొన దాకా పోకుండా ఆ గీత వెంట పక్కకు జారుతోంది. ఇక కింది మొన. లేత గోధుమ రంగో, బూడిద రంగో ఉంటే ఆ సిలిండర్ ఆరోగ్యంగా మండుతోంది. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. పెట్రోలు వాసనతో తడిగా ఉంటే స్పార్కే రావడం లేదు. నల్లగా, జిగటగా, ఆయిల్ తడి ఉంటే రింగుల నుంచో వాల్వ్ సీళ్ల నుంచో ఆయిల్ దిగుతోంది. సున్నం వేసినట్టు తెల్లబారి, అంచులు కరిగినట్టుంటే లోపల వేడి హద్దు దాటింది. ప్లగ్గులన్నిటినీ ఒక అట్టముక్క మీద 1, 2, 3, 4 అని రాసి వరసగా పెట్టాలి. మూడు ఒక రంగులో ఉండి నాలుగోది వేరుగా ఉంటే, కొత్తవాళ్లకు కూడా తేడా తెలిసిపోతుంది.

గ్యాప్ సాధారణంగా 0.7 నుంచి 1.1 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. కచ్చితమైన అంకె మాన్యువల్‌లో రాసి ఉంటుంది, ఫీలర్ గేజ్‌తో కొలవాలి. ఇరిడియం ప్లగ్గు మొన సన్నగా ఉంటుంది, దాన్ని వంచే ప్రయత్నం వద్దు. బిగించేటప్పుడు మొదట పానా వాడకుండా చేతి వేళ్లతోనే తిప్పాలి. కొత్త ప్లగ్గయితే వేళ్లకు గట్టిపడ్డాక పానాతో సగం చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు చాలు.

స్పార్క్ బాగుంది, ప్లగ్గు మాత్రం పొడిగా ఉంది. అప్పుడు ఇంజెక్టర్ చూడాలి. ఇంజన్ నడుస్తుండగా పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజెక్టర్ మీద ఆనించి పిడి దగ్గర చెవి పెడితే టిక్ టిక్ మని చప్పుడు వినిపించాలి. మూడింటిలో వినిపించి ఒకదాంట్లో వినిపించకపోతే తప్పు ఇంజెక్టర్‌దో దానికొచ్చే వైరుదో. ఈ పని చేసేటప్పుడు మెడలో తువ్వాలు, చున్నీ ఉండకూడదు. ఫ్యాను, బెల్టు అక్కడే తిరుగుతుంటాయి.

వైరు అనగానే ఎలుకలు గుర్తుకు రావాలి. మహబూబాబాద్ వైపు మిర్చి, వడ్లు, మక్కలు నిల్వ పెట్టే ఇళ్ల దగ్గర రాత్రిపూట నిలిపిన కారు ఇంజన్ వాటికి వెచ్చని గూడు. రాత్రి బాగున్న కారు పొద్దున్నే మిస్సింగ్ కొడితే ప్లగ్గుల కన్నా ముందు టార్చి పట్టుకుని కాయిళ్లకు, ఇంజెక్టర్లకు పోయే వైర్లను వెతకాలి. కొరికిన చోట వైరు తునకలు, ఎలుక పెంటికలు కనిపిస్తాయి. తెగిన వైరుకు జాయింటు వేయడం చిన్న ఎలక్ట్రీషియన్ పని, దాని కోసం కంప్యూటర్ మార్చాలని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. వానాకాలంలో బోనెట్ కడిగించిన మర్నాడు వచ్చే మిస్సింగ్ కూడా ఇలాంటిదే. ప్లగ్గు గుంతలో నీళ్లు నిలుస్తాయి. ఆరబెట్టి, పొడిగుడ్డతో తుడిస్తే పోతుంది.

స్పార్కూ, పెట్రోలూ బాగున్నా సిలిండర్ లేవకపోతే ఇక కంప్రెషన్ చూడాలి. ఈ గేజ్ కూడా దాదాపు స్కానర్ ధరకే దొరుకుతుంది. ఇంజన్‌ను వేడి చేసి ఆపి, ప్లగ్గులు విప్పుకునేంత చల్లారనిచ్చి, అన్ని ప్లగ్గులూ తీసెయ్యాలి. కాయిళ్ల, ఇంజెక్టర్ల కనెక్టర్లు పీకెయ్యాలి. దగ్గర్లో బీడీ, సిగరెట్టు ఏదీ ఉండకూడదు. ఒకరు గేజ్‌ను ప్లగ్గు రంధ్రంలో బిగించి చూస్తుంటే, ఇంకొకరు ఎక్సలేటర్ పూర్తిగా తొక్కిపట్టి నాలుగైదు చుట్లు సెల్ఫ్ కొట్టాలి. చాలా పెట్రోల్ ఇంజన్లకు 150 నుంచి 200 పీఎస్‌ఐ మధ్య వస్తుంది. అసలు అంకె కన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. 170, 165, 95, 170 అని వస్తే మూడో సిలిండర్ సంగతి తేలిపోయింది. అప్పుడు ఆ రంధ్రంలో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. అంకె బాగా పెరిగితే ఆయిల్ రింగుల సందులు మూసిందన్న మాట, అరిగింది రింగులో, బోరో. పెరగకపోతే వాల్వ్ గానీ గాస్కెట్ గానీ. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లు కలిసి పడిపోతే ఆ రెండిటి మధ్య హెడ్ గాస్కెట్ కాలి ఉంటుంది. డీజిల్ కార్లకు ఈ పరీక్ష ఇంట్లో వద్దు. వాటిలో ఒత్తిడి రెండింతలకు పైనే ఉంటుంది, ఈ గేజ్ తట్టుకోదు. ఆయిల్ పోస్తే అది కూడా డీజిల్‌లా మండిపోగలదు.

గాస్కెట్ మాట వచ్చింది కాబట్టి జాతరల మాటా చెప్పాలి. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు, 2025 మేలో కాళేశ్వరం సరస్వతీ పుష్కరాలకు జనగామ, భూపాలపల్లి దారుల్లో వాహనాలు బారులు తీరాయి. గంటల తరబడి మొదటి గేరులో, ఏసీ వేసుకుని పాకే కారులో రేడియేటర్ ఫ్యాన్ పని చేయకపోతే వేడి ముల్లు ఎర్ర గీత దాటడానికి ఎంతో సేపు పట్టదు. అల్యూమినియం హెడ్ వంకర పోతుంది, గాస్కెట్ లేస్తుంది. తర్వాత కొన్ని రోజులకు కూలెంట్ తగ్గుతూ, సైలెన్సర్ నుంచి ఆగని తెల్ల పొగ, పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఒక సిలిండర్ మిస్. ఆ సిలిండర్ ప్లగ్గు ఒక్కటే కడిగినట్టు శుభ్రంగా ఉంటుంది. లోపలికి దిగిన నీరు ఆవిరై కడిగేసింది. ముల్లు ఎక్కగానే పక్కకు ఆపి చల్లారనివ్వాలి. వేడి మీద రేడియేటర్ మూత తీస్తే ముఖం కాలుతుంది. కాలిన ఇంజన్ మీద చన్నీళ్లు కుమ్మరిస్తే హెడ్ పగులుతుంది. చలికాలపు పొద్దుటి పూట కాసేపు వచ్చి ఆగిపోయే తెల్ల ఆవిరికి మాత్రం భయం అక్కర్లేదు. నీలం పొగ ఆయిల్ మండుతోందని చెబుతుంది, నల్ల పొగ పెట్రోలు ఎక్కువైందని. భూపాలపల్లిలో బొగ్గు లారీల వెంట రోజూ తిరిగే కార్లకు గాలి ఫిల్టర్ మాన్యువల్‌లో రాసిన గడువు కన్నా ముందే మూసుకుపోతుంది. దాన్ని తీసి వెలుతురుకు పట్టి చూడటానికి రెండు నిమిషాలు చాలు.

ఇక వరదల మాట. 2023 జులై 27న భూపాలపల్లి దగ్గర మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచేసింది. జనం ఇళ్ల పైకప్పులెక్కారు, హెలికాప్టర్లు రావలసి వచ్చింది. 2024 సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం దగ్గర వరద రైలు పట్టాల కింది కంకరను కోసుకుపోయింది. అదే రోజు మరిపెడ మండలంలో ఆకేరు వాగు ఒక కారును లాక్కుపోయి ఇద్దరి ప్రాణాలు తీసింది. పారే నీటిలోకి కారు దింపకూడదు, ఏ ఇంజన్ పరిజ్ఞానమూ అక్కడ పనికి రాదు.

ఇంటి ముందు నిలిపి ఉండగా మునిగిన కారు విషయం వేరు. నీరు తీయగానే తాళం తిప్పాలనిపిస్తుంది. ఇంజన్ నిజంగా పాడయ్యేది ఆ క్షణంలోనే. గాలిని నొక్కవచ్చు గానీ నీటిని నొక్కలేం. సిలిండర్‌లో నీళ్లుంటే పైకి వచ్చే పిస్టన్ గోడను ఢీకొట్టినట్టు ఆగి, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కాబట్టి ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీయాలి. ఫొటోలు తీసి, ఏమీ కదపకముందే బీమా కంపెనీకి చెప్పాలి. మునిగిన కారును స్టార్ట్ చేయబోయి ఇంజన్ విరగ్గొట్టుకుంటే మామూలు పాలసీల్లో ఆ నష్టానికి డబ్బు రావడం కష్టం. దానికి విడిగా ఇంజన్ రక్షణ కవర్ ఉండాలి. తర్వాత డిప్‌స్టిక్ చూడాలి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉన్నా, గీత దాటి పైకి ఉన్నా నీరు కలిసినట్టే. గాలి ఫిల్టర్ తడిసిందంటే సిలిండర్ల దాకా వెళ్లి ఉండవచ్చు. బీమా వాళ్లు చూసి సరే అన్నాక ప్లగ్గులన్నీ తీసి, పెద్ద పానాతో ఇంజన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పాలి. ఎక్కడా పట్టకుండా తిరిగితేనే సెల్ఫ్ కొట్టాలి. ప్లగ్గు రంధ్రాల నుంచి నీరు చిమ్ముతుంది, ఎదురుగా ముఖం పెట్టకూడదు. నీరంతా పోయాక ఆయిలూ, ఫిల్టరూ మార్చి, నాలుగు సిలిండర్ల కంప్రెషన్ కొలవాలి. అన్నీ సమానంగా వస్తే అదృష్టం. ఒకదాంట్లో తక్కువ వచ్చి, చెంచా ఆయిల్ పోసినా పెరగకపోతే రాడ్ కొద్దిగా వంగి పిస్టన్ పూర్తిగా పైకి రావడం లేదేమోనని అనుమానించాలి. అలాంటి ఇంజన్ నడుస్తుంది కూడా. కొన్ని నెలలకు వేగంలో ఉండగా ఆ రాడ్ విరిగి బ్లాకుకు రంధ్రం పెట్టవచ్చు. ఇది ఇంట్లో అయ్యే పని కాదు. ఇంజన్ దింపాల్సిందే.

దింపడానికి షెడ్డుకు వెళ్లేటప్పుడు ఒక కాగితం చేతిలో ఉండాలి: ఏ సిలిండర్, ఏ కోడ్, కాయిల్ మార్చి చూస్తే ఏమైంది, నాలుగు సిలిండర్ల అంకెలు, ఆయిల్ పోశాక వచ్చిన అంకె. మంచి మెకానిక్ ఆ కాగితం చూసి సంతోషిస్తాడు, సగం పని అయిపోయినట్టే. బోరింగ్ అవసరమంటే బోరు కొలతలు చూపించమని, హెడ్ మెషినింగ్ అంటే ఎంత వంకర పోయిందో కొలిచి చెప్పమని, మార్చిన పాత సామాను తిరిగి ఇమ్మని ముందే మాట తీసుకోవాలి.